మెత్తని తూటా, మొండి స్ప్రింగు

ఒరే అల్లుడూ, ఆ పెన్నుని టిక్కు టిక్కుమనిపించడం కాసేపు ఆపరా. నాలుగేళ్ళు ఇంజినీరింగు చదివావు, ఆ పెన్ను లోపల ఏముందో ఒక్కసారైనా విప్పి చూశావా? చూడవు. విప్పితే మళ్ళీ బిగించడం రాదని నీకూ తెలుసు, నాకూ తెలుసు. సర్లే, చదువుకోనివాణ్ణి నేనే చెప్తా విను. అందులో స్ప్రింగుంటుంది. నీ బొటనవేలి సత్తువకి తగ్గ స్ప్రింగు. అది మరీ గట్టిదనుకో, రెండు చేతులూ వేసి నొక్కాలి, మీ అమ్మ వచ్చి సాయం పట్టాలి. మరీ మెత్తదనుకో, దిగిన ముల్లు పైకి రాదు, జేబు నీలమైపోద్ది.

పిస్తోలూ అంతే. తూటా పేలితే ఆ తోపుకి పైనున్న స్లైడు వెనక్కెళ్ళి, ఖాళీ తొడుగుని బయటికి విసిరేస్తుంది. లోపలున్న స్ప్రింగు ఆ స్లైడుని మళ్ళీ ముందుకి లాక్కొస్తుంది, వస్తూ వస్తూ కొత్త తూటాని గొట్టంలోకి తోస్తుంది. తూటాలో మందు తగ్గించావా, తోపు తగ్గుద్ది. తోపు తగ్గితే స్ప్రింగు కూడా మెత్తదవ్వాలి. అంతే సంగతి. నీకు కూడా అర్థమైందంటే ఎవరికైనా అర్థమవ్వాలి కదా. జీడిమెట్ట పటాలంలో మాత్రం అవ్వలేదు.

జీడిమెట్ట పటాలమంటే జీడిమామిడి తోటల మధ్యనున్న పోలీసు పటాలం. దానికి కొత్తగా సుధీంద్రనాథ్ గారని కమాండెంటు వచ్చాడు. మనిషి మంచోడే. కాకపోతే అంతకుముందే ఏదో కొండమీది హోటల్లో పెద్దాఫీసర్లకి మెత్తదనం మీద క్లాసులు పెడితే వెళ్ళొచ్చాడు. అక్కడేం తినిపించారో గానీ, దిగీ దిగగానే లాఠీలకి స్పాంజి చుట్టించాడు. పెరేడులో "సావధాన్" అనే ముందు "దయచేసి" అనాలన్నాడు. ఆ తరవాత ఆయన చూపు తూటాల మీద పడింది.

పటాలం మొత్తాన్నీ మైదానంలో కూచోబెట్టి చెప్పాడు. "మిత్రులారా, ప్రజాస్వామ్యంలో తూటా కూడా ఒక అభిప్రాయమే. మన అభిప్రాయాన్ని అరిచి చెప్పాల్సిన అవసరం లేదు. నెమ్మదిగా చెప్పినా ఎదుటివారికి చేరుతుంది. ఇకమీదట ఈ పటాలంలో ప్రాక్టీసు అంతా మృదు తూటాతోనే."

పాత రేషను గోడౌనుకి సున్నం కొట్టి, "మృదు తూటా తయారీ కేంద్రం" అని బోర్డు పెట్టారు. కాల్చేసిన ఖాళీ తొడుగుల్ని ఏరుకొచ్చి, తోమి, వాటిల్లో చేత్తో మందు నింపడం. అదీ కంపెనీ నింపేదానికన్నా బాగా తక్కువ. ప్రారంభోత్సవం రోజున కొబ్బరికాయ కొట్టి, మొదటి తూటా పేల్చారు. కొబ్బరికాయ చప్పుడే పెద్దగా వినపడింది. అందరూ చప్పట్లు కొట్టారు.

ఈ సంబరంలో చప్పట్లు కొట్టని మనిషి ఒకామె ఉంది, హెడ్ కానిస్టేబులు గుబ్బల నూకరత్నం. పటాలంలో పిస్తోలు పట్టుకోవడంలో ఆమె తరవాతే ఎవరైనా. నోరు కూడా అంతే గురి. సాటివాళ్ళ బూట్లలో కప్పపిల్లల్ని వేయడం, సెంట్రీ నిద్రపోతుంటే వాడి టోపీకి రిబ్బను కట్టడం, ఇవన్నీ ఆమె పనులే. ఆఫీసులో ఏ మర మొరాయించినా, తాళం పట్టేసినా ఆమెనే పిలుస్తారు. ఆమె బాగుచేస్తుంది, చేస్తూ చేస్తూ ఏదో ఒక చిలిపి పని అందులో పెట్టి పోతుంది.

కానీ ఆ ఏడాది ఆమెకి నవ్వులాట కాదు. పోలీసు పోటీలకి వెళ్ళే రాష్ట్ర జట్టులోకి ఎంపికైతే ఏ.ఎస్.ఐ. చేస్తారు. వయసు పరిమితి ఆ ఏడాదితో సరి. ఎంపిక కాకపోతే ఇక రిటైరయ్యేదాకా గేటు దగ్గర స్టూలేసుకుని, వచ్చే బళ్ళకి గొలుసు దించడం, పోయే బళ్ళకి గొలుసు ఎత్తడం. జట్టుని ఎంచేది పటాలంలోనే, పై నించి పెద్దాఫీసరు తనిఖీకి వచ్చే రోజున, ఆయన కళ్ళముందే.

మొదటిసారి మృదు తూటాతో కాల్చినప్పుడు నూకరత్నం పిస్తోలు ఠుస్సుమంది. స్లైడు సగందాకా వెనక్కొచ్చి ఆగిపోయింది. ఖాళీ తొడుగు బయటికి పోలేక, లోపలికి రాలేక, పొగగొట్టంలా నిటారుగా నిలబడింది.

పక్కన కానిస్టేబులు ఏసుపాదం తొంగి చూశాడు. "రత్నమక్కా, నీ పిస్తోలుకి కొమ్ము మొలిచింది."

"నీకు మొలవలేదేంట్రా?"

"నాకూ మొలిచిందిలే. సాటివాళ్ళకి కూడా వచ్చిందో లేదో చూద్దామని."

వరసలో అందరికీ మొలిచింది. కమాండెంటు గారు దూరాన నిలబడి చూశాడు. మొహం వాడిపోయింది. "ఇవాళ ఎండ ఎక్కువగా ఉంది," అని జీపెక్కి వెళ్ళిపోయాడు. తనిఖీ రోజు దాకా మళ్ళీ కాల్పుల మైదానం వైపు రాలేదు.

గంట మోగగానే గబగబా ఐదు కాల్చాలి, అదీ పోటీ. ఒకటి కాల్చి, ఇరుక్కున్నదాన్ని గోటితో గీకి, రెండోది కాల్చేసరికి గడువైపోయి టార్గెట్టు మొహం తిప్పేసుకుంటోంది. నూకరత్నం పిస్తోలు విప్పి చూసింది, ఏసుపాదానికీ చూపించింది. "మందు సగం చేశారు, స్ప్రింగు పాతదే ఉంచారు. చంటిపిల్లాణ్ణి తీసుకెళ్ళి గోడౌను తలుపు తొయ్యమన్నట్టుంది. మెత్త స్ప్రింగులు తెప్పిస్తే సరిపోద్ది."

"అడుగు మరి."

"అడగాల్సింది పరంజ్యోతి గార్నిరా."

ఏసుపాదం ఆమె భుజం తట్టాడు, చావింటికి వెళ్ళేవాళ్ళని తట్టినట్టు.

పరంజ్యోతి గారంటే ఆయుధాల స్టోరు చూసే రిజర్వ్ ఇనస్పెక్టరు. ఆయన బల్ల మీద ఒక పెద్ద ఇనప స్టాంపుండేది. లోపలే సిరా ఉంటుంది, నొక్కితే దిగుద్ది, వదిలితే స్ప్రింగుతో లేస్తుంది. "తిరస్కరించడమైనది" అని పడుద్ది. "ఆమోదించడమైనది" అనే స్టాంపు కూడా ఉంది, అచ్చం అలాంటిదే. అది సొరుగులో అడుగున సాలీడు గుడ్లు పెట్టుకోవడానికి పనికొచ్చేది. ఆయనకి చూపు ఆనేది కాదు. అయినా కళ్ళద్దాలు పెట్టేవాడు కాదు. ఆయుధాల ఇనస్పెక్టరుకి కళ్ళద్దాలేంటి, పరువు తక్కువ. ఆ మాటెత్తితే మనిషి ఉగ్రుడైపోయేవాడు.

నూకరత్నం సెల్యూట్ కొట్టి సంగతి చెప్పింది. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు.

"చూడమ్మా నూకరత్నం. స్ప్రింగు అనునది శాశ్వత సామగ్రి. తూటా అనునది ఖర్చయ్యే సామగ్రి. ఖర్చయిపోయే దాని నిమిత్తం శాశ్వతమైన దానిని మార్చుటకు నిబంధనలు అనుమతించవు. ఇందులో మార్చుటకు వీలున్నది ఏదైనా ఉంటే, అది మనిషి."

"మనిషి కూడా ఖర్చయ్యే సామగ్రేనా అయ్యగారూ?"

"అదే నేను చెప్పేది," అని ఆయన టక్కుమని స్టాంపు వేశాడు. కాయితం చూడను కూడా లేదు. "పడ్డ స్టాంపు లేవదు. వెళ్ళిరా."

అక్కడితో ఊరుకున్నా బాగుండేది. ఊరుకుంటే ఆఫీసెలా అవుద్ది? ఇలా ఒకామె అడిగిందని పైకి రాశారు. పై నించి సంఘం వెయ్యమన్నారు. వేశారు. "మణికట్టు అధ్యయన సంఘం", అధ్యక్షులు పరంజ్యోతి గారు. సంఘం మూడు పూటలా భోంచేసి తేల్చింది ఇది: "పిస్తోలు నిర్దోషి. తూటా నిర్దోషి. స్ప్రింగుపై దాని సేవాకాలంలో ఏ ఫిర్యాదూ లేదు. కావున లోపము సిబ్బంది మణికట్టు నందు గలదని భావించడమైనది."

మర్నాటి నుంచి పటాలంలో కసరత్తు మారిపోయింది. తెల్లారగానే అందరూ మెస్సుకెళ్ళి గోధుమపిండి పిసకాలి. మణికట్లు గట్టిపడటానికి. మనిషికో గుట్ట. పిసికిన పిండి పారేస్తే ఆడిట్టు ఊరుకోదు, అందుకని పూరీలు వేశారు. వేసిన పూరీలు పారేస్తే వంటవాడు ఊరుకోడు, అందుకని తిన్నారు. కొన్నాళ్ళకి మణికట్లు మామూలుగానే ఉన్నాయి, బెల్టులు మాత్రం చాలట్లేదు. అందరికన్నా శ్రద్ధగా పిసికింది పరంజ్యోతి గారే. నలుగురికీ ఆదర్శంగా ఉండాలని పిసికేవాడు, పూరీ అంటే ప్రాణం కాబట్టి తినేవాడు.

పిస్తోళ్ళకి కొమ్ములు మొలుస్తూనే ఉన్నాయి. అప్పుడు సంఘం రెండో సిఫార్సు చేసింది. స్లైడు తనంతట తాను వెనక్కి రానప్పుడు, దానిని లాగుటకు ఒక వ్యక్తిని నియమించవలెను. ఆ పదవి పేరు "స్లైడు సహాయకుడు". నూకరత్నానికి ఏసుపాదాన్నిచ్చారు. ఈమె కాల్చాలి, వాడు పక్కనుంచి చెయ్యి చాపి లాగాలి. అసలు బలం వాడే పెడుతున్నాడు కాబట్టి వాడికి తోలు గ్లవుజులు, ఛాతీమీద బిళ్ళ. ఇది తెలిసి కమాండెంటు గారు ముచ్చటపడి, ఇందులో కూడా మెత్తదనం ఉండాలన్నాడు. లాగే ముందు కాల్చినామె "దయచేసి" అనాలి. లాగినాక వాడు "సంతోషం" అనాలి.

"దయచేసి," అంది నూకరత్నం పళ్ళు బిగబట్టి.

"సంతోషం అక్కా."

"అక్కా అనకూడదురా, రూల్లో లేదు. దయచేసి."

"సంతోషం."

మర్యాదలు అయ్యేసరికి టార్గెట్టు ఎప్పుడో తిరిగిపోయింది. ఏసుపాదం గ్లవుజులు తీసి నడుముకి చెక్కుకున్నాడు. "అక్కా, మనం పోటీకెళ్తే గురికి ఇవ్వకపోయినా, మంచితనానికి ఇస్తారు."

నూకరత్నం నవ్వలేదు. తనిఖీ దగ్గరికొచ్చేస్తోంది. గేటు దగ్గర స్టూలు ఆమెని చూసి చెయ్యూపుతున్నట్టే ఉంది. ఆ సాయంత్రం ఆమె పరంజ్యోతి గారి స్టాంపు వైపు చాలాసేపు చూసింది.

వర్కుషాపులో గొట్టం పగిలి మూలపడేసిన పిస్తోలొకటుంది. దాని స్ప్రింగు మాత్రం పుంజులాగుంది. నూకరత్నం దాన్ని తీసింది. స్టాంపుకి నూనె వేస్తానని చెప్పి పట్టుకెళ్ళి, అందులో స్ప్రింగు తీసేసి, ఈ పిస్తోలు స్ప్రింగు కుదించి బిగించింది. తుడిచి బల్ల మీద పెట్టేసి, సెల్యూట్ కొట్టి పోయింది.

మర్నాడు పరంజ్యోతి గారు ఎవరిదో సెలవు కాయితం మీద స్టాంపు నొక్కాడు. దిగలేదు. లేచి నిలబడి నొక్కాడు. సగం దిగి, ఆయన అరచేతిని వెనక్కి తన్నింది. రెండు చేతులూ వేసి, బల్ల మీదకి ఒరిగి, పొట్ట ఆనించి నొక్కితే అప్పుడు పడింది. కుర్చీలో కూలబడి వేళ్ళు ఊదుకున్నాడు. మధ్యాహ్నానికి ఆయన బొటనవేలు బజ్జీలా ఉబ్బింది.

నూకరత్నాన్ని పిలిపించాడు. "దీనికేదో అయింది. వెంటనే దీని స్ప్రింగు మార్చు."

"అయ్యయ్యో, స్ప్రింగు శాశ్వత సామగ్రి కదండీ."

"అయితే?"

"కాయితాలు ఖర్చయ్యే సామగ్రండి. వాటి నిమిత్తం దీన్ని మార్చడానికి నిబంధనలు ఒప్పుకోవండి. మార్చడానికి వీలున్నది అయ్యగారి చెయ్యండి. పొద్దున్నే ఇంకో గుట్ట పిండి ఎక్కువ పిసికితే..."

ఆయన ఆమె వైపు ఎలా చూశాడంటే, చూపు ఆని ఉంటే కాలిపోయేదే. ఆ రోజునుంచీ ఆమె మీద పగ పెట్టుకున్నాడు. కానీ బల్ల మీద కాయితాలు పేరుకుపోతున్నాయి. ఏదో ఒకటి వెయ్యాలి కదా. సొరుగు లాగి, సాలీడుని దులిపి, రెండో స్టాంపు తీశాడు. నొక్కితే సుతారంగా దిగింది.

అలా మొదలైందిరా అల్లుడూ ఆ పటాలానికి మంచికాలం. సెలవులు దొరికాయి. కారే కప్పులకి రేకులొచ్చాయి. పదేళ్ళ కిందట అడిగిన చీపుళ్ళొచ్చాయి. ప్రభుత్వం దయతలచిందనుకున్నారు జనం. దయా లేదు పాడూ లేదు, ఒక స్టాంపు గట్టిగా ఉంది, ఒకటి మెత్తగా ఉంది. పరంజ్యోతి గారికి పోల్చుకోవడం కూడా సులువైంది. చూడక్కర్లేదు, చదవక్కర్లేదు. మెత్తగా దిగితే ఆమోదం, బొటనవేలు నొప్పెడితే తిరస్కారం. నిజంగా పగున్నవాళ్ళ కాయితం వస్తే మాత్రం రెండు చేతులూ వేసి గట్టిదాన్ని నొక్కేవాడు.

ఆ వరదలో నూకరత్నం ఒక కాయితం తోసింది. అందులో ఆమె పేరు లేదు, "వర్కుషాపు" అని మాత్రమే ఉంది. మెత్త స్ప్రింగులు తెప్పించుటకు, పాత స్ప్రింగులు హెడ్డాఫీసుకి వాపసు పంపుటకు. సుతారంగా పడింది స్టాంపు. కమాండెంటు గారు దాని మీద సంతకం కూడా పెట్టాడు, పైనున్న నెమలి బొమ్మ కేలండర్ల కాయితంతో పాటు కలిపి, చదవకుండానే.

స్ప్రింగులొచ్చాయి. బిగించారు. పాతవి పెట్టెలో పెట్టి, లక్క వేసి పంపేశారు. నూకరత్నం మైదానంలో నిలబడి మృదు తూటాతో ఐదూ కాల్చింది. ఠుస్ ఠుస్ ఠుస్ మంటూ ఐదూ వెళ్ళి గుండ్రం మధ్యలో కూచున్నాయి. ఒక్క కొమ్ము మొలవలేదు. ఏసుపాదం గ్లవుజులు తొడుక్కుని దిగాలుగా నిలబడ్డాడు.

"దయచేసి అనవేం అక్కా?"

"నీ ఉద్యోగం పోయిందిరా."

"బిళ్ళ ఉంచుకోవచ్చా?"

అంతా బాగుందని కమాండెంటు గారికి ఎవరూ చెప్పలేదు. ఎవరు చెప్తారు? ఇబ్బంది ఉంటే రాయడానికి కాయితాలున్నాయి. బాగుంటే రాయడానికి ఆ ఆఫీసులో కాయితం లేదు. ఆయన మనసులో ఇంకా ఆ కొమ్ములే ఉన్నాయి. పెద్దాఫీసరు ముందు పిస్తోళ్ళన్నీ వరసగా ఇరుక్కుంటే, మృదు తూటాకి రావాల్సిన అవార్డు మాటేంటి? భయపడి ఒక ఉపాయం చేశాడు. తనిఖీ రోజు తెల్లవారుతూనే మృదు తూటాలన్నీ పెట్టెల్లోంచి తీయించి, కంపెనీ తూటాలు, నిండా మందున్నవి, వాటిల్లో పోయించాడు. పైన చీటీ మాత్రం "మృదు" అనే.

చూశావా, ఇప్పుడు స్ప్రింగులు మెత్తవి, తూటాలు గట్టివి. మొదట ఉన్న తిప్పలే, తలకిందులుగా. ఈ సంగతి ఆమెకి తెలీదు, ఆ సంగతి ఆయనకి తెలీదు.

షామియానా వేశారు. పెద్దాఫీసరు వచ్చి సోఫాలో కూచున్నాడు. చేతికి కొబ్బరిబోండం నీళ్ళ గ్లాసిచ్చారు. పక్కనే పరంజ్యోతి గారి బల్ల కూడా, పైనున్న స్టాంపులతో సహా, మోసుకొచ్చి వేశారు, స్కోరు కాయితాల మీద గుండ్రటి ముద్ర వెయ్యడానికి. ఆయనేమో బల్ల వదిలేసి పెద్దాఫీసరు వెనకాల గొడుగు పట్టుకుని నిలబడ్డాడు, షామియానా కిందే.

మొదట కాల్చింది ఏసుపాదం. మృదు తూటా కదా అని వాడు పిస్తోలు పువ్వు పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. ఢామ్మని పేలింది. స్లైడు దాని వెనక దెయ్యం పడ్డట్టు వచ్చి ఠంగుమని కొట్టుకుంది. పిస్తోలు ఎగిరి వాడి టోపీకి తగిలింది. ఖాళీ తొడుగు గాల్లో గిరికీలు కొట్టి, షామియానా కింద నించి దూరి, పెద్దాఫీసరు గ్లాసులో చుయ్యిమంది.

పెద్దాఫీసరు గ్లాసులోకి చూశాడు. "ఇదేనా మృదు తూటా?"

"ఇదేనండి," అన్నాడు కమాండెంటు గారు. ఇంకేమంటాడు?

"ఇది మృదువైనదైతే, ఇంతకుముందు మీరు వాడిందెలా ఉండేదయ్యా?"

"చాలా... చాలా కఠినంగా ఉండేదండి."

"ఘోరం. ఇందులో ఇంకా సగానికి తగ్గించండి. రాష్ట్రమంతా తగ్గించండి."

"చిత్తం," అన్నాడు కమాండెంటు గారు. పక్కనున్నాయన రాసుకున్నాడు.

నూకరత్నానికి ఆ చప్పుడుతోనే అర్థమైపోయింది. తరవాత వంతు తనది. మెత్త స్ప్రింగుతో ఈ తూటా కాల్చితే గురి ఆకాశానికి. గట్టి స్ప్రింగులన్నీ లక్క వేసి హెడ్డాఫీసుకి పంపింది తనే. పటాలం మొత్తానికి మిగిలిన గట్టి స్ప్రింగు ఒక్కటే, అదీ పరంజ్యోతి గారి తిరస్కారం స్టాంపులో.

"చెవిలో పెట్టుకునే దూది కింద పడిపోయిందండి," అని ఎవరూ అడక్కుండానే చెప్పి బల్ల కిందకి దూరింది. స్టాంపు అందుకుంది. మర విప్పింది, స్ప్రింగు లాగింది. పిస్తోలు విప్పింది, మెత్తది తీసింది, గట్టిది వేసింది. స్టాంపు ఖాళీగా గలగలమంటే పట్టుబడిపోతానని, ఆ మెత్త స్ప్రింగుని దాంట్లో పడేసి బిగించేసింది. దూది చెవిలోనే ఉంది.

వచ్చి నిలబడి గంటకి ఐదు కాల్చింది. ఢామ్ ఢామ్మని ఐదూ నడిమధ్య. ఖాళీ తొడుగులు బుద్ధిగా ఆమె కాళ్ళ పక్కనే పడ్డాయి. మిగతావాళ్ళెవరూ చెట్లకి తప్ప దేనికీ గురిపెట్టలేకపోయారు. పెద్దాఫీసరు "శభాష్" అని, వేరే గ్లాసు తెప్పించుకుని, తాగి వెళ్ళిపోయాడు.

సాయంత్రం పరంజ్యోతి గారి బల్ల మీద కాయితాలు మూడే. కమాండెంటు గారి అవార్డు సిఫార్సు. పరంజ్యోతి గారికే డీఎస్పీగా ప్రమోషను ప్రతిపాదన, కమాండెంటు గారి దయ. నూకరత్నం ఎంపిక కాయితం. బల్ల అవతల ఆమె సెల్యూట్ కొట్టి నిలబడింది.

ఆయన మొదటి స్టాంపు తీసి చిత్తు కాయితం మీద నొక్కి చూశాడు. వెన్నలోకి వేలు దిగినట్టు దిగింది. "ఇది ఆమోదం," అనుకున్నాడు. రెండోది నొక్కాడు. కాస్త గట్టిగా ఉంది గానీ, రోజూ ఉండేంత లేదు. మణికట్టు తిప్పి చూసుకున్నాడు, మురిసిపోయాడు. "ఇది తిరస్కారం. పూరీపిండి ఊరికే పోలేదు."

నువ్వు అర్థం కాకుండా తల ఊపకు, చెప్తున్నా. మెత్తగా దిగింది తిరస్కారం స్టాంపు, అందులో ఉన్నది పిస్తోలు మెత్త స్ప్రింగు కాబట్టి. కాస్త గట్టిగా ఉన్నదే ఆమోదం స్టాంపు. నూకరత్నానికి బల్ల ముందు నిలబడ్డాకే ఇది తట్టింది.

ఆయన సుతారంగా, మొహం ఇటు తిప్పి, అవార్డు కాయితం మీద మెత్తది వేశాడు. తన ప్రమోషను మీద ఇంకా ప్రేమగా వేశాడు, రెండుసార్లు వేశాడు. తరవాత నూకరత్నం కాయితం ముందుకి లాక్కున్నాడు. ఆ రోజు ఆయన మనసు బాగుంది. అదే వచ్చిన చిక్కు.

"ఏమ్మా, బాగానే కాల్చావు. పాతవన్నీ మనసులో పెట్టుకోనులే. ఆమోదించేద్దాం." చెయ్యి మెత్త స్టాంపు మీదకెళ్ళింది.

నూకరత్నానికి గేటూ, గొలుసూ, స్టూలూ కళ్ళముందు కదిలాయి. ఈయన మంచితనం తనని ముంచేసేలా ఉంది. ఈయనకి ఇప్పుడు, ఈ క్షణంలో కోపం రావాలి.

"అయ్యగారూ," అంది మెల్లిగా, "ఒక్కసారి కళ్ళద్దాలు పెట్టుకుని చూసి వెయ్యండి."

ఆయన చెయ్యి గాల్లో ఆగింది. "ఏమన్నావ్?"

"మా మావయ్యకి కూడా మీలాగేనండి. ఓ రోజు ఆవనుకుని దున్నపోతు కింద చెంబు పెట్టాడు."

పరంజ్యోతి గారి చెవులు ఎర్రబడ్డాయి. మెత్త స్టాంపు పక్కన పడేశాడు. గట్టిదాన్ని అందుకున్నాడు, లేచి నిలబడ్డాడు, రెండు చేతులూ వేశాడు, పగంతా పొట్టలోకి తెచ్చుకుని ఆనించి నొక్కాడు. బల్ల కిర్రుమంది. "పో. గేటు దగ్గర స్టూలు వేయించుకో. పడ్డ స్టాంపు లేవదు."

"చిత్తమండి," అంది నూకరత్నం. కాయితం తీసుకుని, మడవకుండా, సిరా అలుక్కోకుండా రెండు చేతుల్తో పట్టుకుని పోయింది.

మర్నాడు పొద్దున కమాండెంటు గారు పరంజ్యోతి గారిని పిలిచి, మూడు కాయితాల నకళ్ళూ ఆయన మొహానికి దగ్గరగా, చదవగలిగేంత దగ్గరగా పెట్టాడు.

"నా అవార్డు తిరస్కరించింది ఎవరు?"

"నేనేనండి," అన్నాడాయన.

"మీ ప్రమోషను?"

"అదీ నేనేనండి."

"రెండుసార్లా?"

పరంజ్యోతి గారు కాయితాన్ని ముక్కు దగ్గరికి ఇంకాస్త లాక్కున్నాడు.

"నూకరత్నాన్ని మాత్రం ఆమోదించారు. కాయితం చిరిగేలా ఆమోదించారు. అంత అభిమానమా?"

"సార్, అవి వెనక్కి తీసుకోవడానికి..."

"పడ్డ స్టాంపు లేవదని ఈ పటాలానికి నేర్పింది మీరే కదయ్యా."

బయట వరండాలో నూకరత్నం సామాను సర్దుకుని, పిస్తోలు నడుముకి కట్టుకుని, బస్సుకి సిద్ధంగా ఉంది. పరంజ్యోతి గారు తూలుకుంటూ బయటికొచ్చాడు. ఆమె బూట్లు టక్కుమనేలా సెల్యూట్ కొట్టింది.

"వెళ్ళొస్తానండి. అయ్యగారి మణికట్టు భలే గట్టిపడిందండి, పూరీలు మానకండి."